పుట్టినింట ఆడుబిడ్డ భాగము

“ఆడపిల్ల ‘ఆడ’ పిల్లయే గాని ‘ఈడ’ పిల్ల కాదు” అను మాటను మన తెలుగుదేశమున వినని యిల్లాలు లేదు. ఇది నవ్వుటకు పుట్టిన మాట గాదు. కూతురు మఱియొక యింటికి పోవునది గావున, ఈ యింటి పొలమునందును ఈ యింటి గోడలయందును ఆమెకు పాలు లేదనుట దీని తాత్పర్యము. శాసనము మారి చాల కాలమైనది. మాట మాత్రము మన నాలుకల మీద నట్లే యున్నది.

సోదరీమణులారా! ఈ వ్యాసమున మేము చెప్పదలచినది క్లుప్తముగ నిది. మన కుటుంబమును మొదట మార్చినది ధనము; దాని వెనుక, చాల ఆలస్యముగ, శాసనము వచ్చినది; ఆచార మింకను వెనుకనే యున్నది. ఈ యెడమునందే కూతురి చేతికి రావలసిన భాగము, రిజిస్ట్రారు కచేరీ గడప దగ్గఱ, ఒక్క సంతకముతో జాఱిపోవుచున్నది. ఆ సంతకము చేయుటకు ముందు ప్రతి సోదరియు కొంత చరిత్రను, కొంత చట్టమును ఎఱిగియుండుట మేలని మా తలంపు. ఇందు మేము హిందూ కుటుంబములను గుఱించియే వ్రాయుచున్నాము. ముసల్మాను సోదరీమణులకును, క్రైస్తవ సోదరీమణులకును వారసత్వ ధర్మములు వేఱు.

పూర్వపు కుటుంబము

మన ప్రాంతమున దాయవిభాగమునకు ప్రమాణము మితాక్షర. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణ చాళుక్యుల కాలమున రచించిన వ్యాఖ్య యది. 13వ శతాబ్దమున కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మితాక్షర ననుసరించిన సమష్టి కుటుంబమున, కుమారునకు పుట్టుకతోడనే పూర్వుల యాస్తిలో హక్కు కలుగును. తండ్రి, కొడుకు, మనుమడు, మునిమనుమడు, ఈ నాలుగు తరముల మగవారే సహభాగులు. కూతురికి పెండ్లి యగువఱకు పోషణము, తరువాత పెండ్లి ఖర్చు, అంతటితో సరి. భర్త పోయిన కోడలికి కూడును గుడ్డయు, అనగా జీవనాంశము.

ఈ యేర్పాటు నంతయు దుర్మార్గమని త్రోసివేయుట న్యాయము గాదు. నాడు ఆస్తి యనగా భూమి. భూమి యనగా నాగలి, ఎడ్లు, పదిమంది చేతులు. పొలము ముక్కలైనచో కుటుంబము ముక్కలగునని పెద్దలు భయపడిరి. కూతురిని వట్టిచేతులతో పంపినవారును గారు. నగలు, పాత్రలు, కలవారి యిండ్లలో పసుపు కుంకుమల క్రింద వ్రాసి యిచ్చిన పొలము ఆమెకు స్త్రీధనమయ్యెడిది. పురుళ్లకు పుట్టినిల్లు, పండుగలకు సారె, కష్టము వచ్చినపుడు అన్నదమ్ముల వాకిలి ఉండనే యుండెను.

కాని యొక సంగతి గమనింపుడు. కొడుకులు లేని కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబములలో అల్లుని ఇల్లరికము తెచ్చుకొను ఆచారము కలదు. ఆ యల్లునికి కొడుకునకు వలె భాగము చెల్లునని చెన్నపట్టణపు న్యాయస్థానములును అంగీకరించినవి. అనగా కూతురే ఆ యింట పెరిగి, ఆ పొలమును చిన్ననాటినుండి ఎఱిగినదైనను, ఆస్తి మాత్రము ఆమెను దాటి, బయటినుండి వచ్చిన మగవాని చేతికే పోయినది. భూమి చెదరునను భయ మొక్కటియే దీనికి కారణమైనచో, ఇల్లరికపు టింట ఆ భయమే లేదు గదా! కావున అసలు అడ్డు దూరము గాదు, ఆడుతనమే యని తేలుచున్నది.

కాలువలు, జీతములు, కట్నములు

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున మన కుటుంబముల పునాదిని కదల్చినది ఏ సంస్కర్తయు గాదు, నీరు. 1852లో ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట పూర్తియయ్యెను. 1855లో బెజవాడ వద్ద కృష్ణానది ఆనకట్టయు పూర్తియయ్యెను. వానదేవుని నమ్ముకొనిన పొలములు మాగాణులైనవి. తినగా మిగిలిన ధాన్యము అమ్మకమునకు వచ్చినది. ధాన్యము రూపాయలైనది. భూమికి వెల పెరిగినది. ఆ రూపాయలతో రైతులును, అగ్రహారీకులును తమ కుమారులను రాజమహేంద్రవరమునకు, బందరునకు, చెన్నపట్టణమునకు చదువులకు పంపిరి. చదివినవారు గుమాస్తాలు, వకీళ్లు, ఉపాధ్యాయులు అయి పట్టణములలోనే కాపురములు పెట్టిరి.

ఇంతవఱకు కుటుంబమున కెల్ల నొక్కటే గాదె. ఇప్పుడొకనికి నెలనెల జీతము వచ్చుచున్నది. తక్కినవారు పల్లెలో వ్యవసాయము చేయుచున్నారు. ఆ జీతము ఎవరిది? ఉమ్మడి ధనముతో చదివించితిమి గనుక అది ఉమ్మడిదే యని పల్లెలోని సోదరుల వాదము. చెమటోడ్చినది నేను గదా యని పట్టణములోని సోదరుని వాదము. ఈ తగవులు న్యాయస్థానముల కెక్కినవి. తుదకు 1930లో విద్యార్జనమును గుఱించిన యొక చట్టము వచ్చెను. ఉమ్మడి ధనముతో చదివినను, ఆ విద్యవలన సంపాదించినది చదివినవానికే స్వార్జితమని అది తేల్చినది. సమష్టి కుటుంబపు గోడలో మొదటి పెద్ద బీట యిదియే. గమనింపుడు: మగవానికి స్వార్జిత మీ విధముగ సిద్ధించునాటికి, కూతురికి పూర్వార్జితములో సెంటు భూమి లేదు.

ఈ మార్పు స్త్రీల కొకచేత ఇచ్చి మఱియొకచేత పుచ్చుకొనినది. ఇచ్చినది చదువు. పట్టణమున వేఱు కాపురము పెట్టిన యువకునకు ఉత్తరము చదువగల, పద్దు వ్రాయగల ఇల్లాలు కావలసివచ్చెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించుటయు, 1883లో స్త్రీల కొఱకు ‘సతీహితబోధిని’ని వెలువరించుటయు ఈ కాలమునందే. అత్తగారి చాటున నలుగురు తోడికోడండ్రతో మెలగిన కోడలు, పట్టణమున తన యింటికి తానే యజమానురాలైనది.

పుచ్చుకొనినది భద్రత. పల్లెలో భర్త పోయినను, భర్త విడిచినను, ఉమ్మడి గాదె యుండెను; చులకనగానైనను కూడు దొరికెడిది. పట్టణపు అద్దెయింట జీతగాడు కన్ను మూసిన మఱునాడు ఇల్లాలి కేమున్నది?

ఇక పెండ్లి బేరము తలక్రిందులైనది. గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’నకు వ్రాసిన ఇంగ్లీషు పీఠికలో నొక పట్టికను పేర్కొనిరి. విజయనగర మహారాజుగారి యాజ్ఞచే తయారైన ఆ పట్టికలో, విశాఖపట్టణ మండలమున 3 సంవత్సరములలో బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహములు 1034 లెక్కకు వచ్చినవి. ఆ నాటకము మొదట ప్రదర్శితమైనది 1892లో. నాడు పిల్లను అమ్ముకొనుటను గుఱించి మొఱ్ఱపెట్టిన సమాజమే, రెండు తరములు గడచునప్పటికి పిల్లవానిని కొనుటకు అప్పులు చేయసాగెను. జీతము తెచ్చు వరునకు గిరాకి పెరిగెను, వరకట్నము పెరిగెను. 1961లో కట్నమును నిషేధించుచు చట్టము వచ్చినను అది ఆగలేదు. ఈ కట్నమే నేడు కూతురి భాగమునకు శత్రువై నిలిచిన విధమును ముందు చెప్పెదము.

జీవనాంశమునుండి హక్కునకు

స్త్రీకి ఆస్తిహక్కు మొదట కలిగినది కూతురుగా గాదు, వితంతువుగా. 1856 నాటి వితంతు వివాహ చట్టము పునర్వివాహమును న్యాయసమ్మతము చేసినది. కాని మరల పెండ్లి చేసికొనిన యామె మొదటి భర్త యాస్తిపై తనకున్న హక్కును వదలుకొనవలసి యుండెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున పంతులుగారు మొదటి వితంతు వివాహమును చేయించిన నాడును ఈ నియమమే అమలులో నుండెను.

1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము ఒక మెట్టెక్కినది. ఉమ్మడిలో నున్న భర్త మరణించినచో ఆతని భాగము భార్యకు చెందునని యది చెప్పెను. కాని రెండు లోపములు. ఆమె అనుభవించుటయే గాని స్వేచ్ఛగ అమ్ముటకు వీలులేదు. ఆమె తరువాత అది భర్త వారసులకే పోవును. రెండవది, వ్యవసాయ భూములకు ఈ చట్టము వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చినది. మన దేశమున ఆస్తి యన్న పొలమే గదా! చెన్నరాజధానిలో 1947లో వేఱొక చట్టము చేసి, ఆ హక్కును వ్యవసాయ భూములకు గూడ విస్తరింపజేసిరి.

ఈ మార్పుల నడుమ నలిగిన స్త్రీల కథలు న్యాయస్థానముల దస్త్రములలో నెన్నియో యున్నవి. వానిలో నొకటి దేశమంతట వకీళ్లెఱిగినది. నెల్లూరు న్యాయస్థానమున మొదలైన ఆ వ్యాజ్యమునకు తులశమ్మ వ్యాజ్యమని పేరు. 1931లో ఆమె భర్త ఉమ్మడి కుటుంబమున నుండగనే మరణించెను. 1944లో ఆమె, భర్త సవతి సోదరునిపై జీవనాంశమునకై, కోర్టు రుసుము చెల్లింపలేని పేదరాలిగ అర్జీ పెట్టుకొనెను. రాజీలో ఆమెకు కొంత యాస్తి దొరికెను. కాని బ్రతికినన్నాళ్లు అనుభవించుటకే, అమ్ముటకు గాదు. 1949లో అది ఆమె స్వాధీనమయ్యెను. 1960లో ఆమె కొంత కౌలున కిచ్చి, 1961లో కొంత అమ్మెను. అమ్ముటకు నీ కధికారము లేదని ఆ సోదరుడు వ్యాజ్యము వేసెను. 1971లో హైకోర్టు తీర్పు ఆమెకు వ్యతిరేకముగ వచ్చెను. ఆమె సుప్రీముకోర్టునకు పోయెను. 1977 మార్చి 17న ఆ న్యాయస్థానము, జీవనాంశము స్త్రీకి ఎవరో వేయు భిక్ష గాదనియు, అది ముందునుండియు ఆమె కున్న హక్కనియు, దానికై యిచ్చిన యాస్తి 1956 చట్టము ననుసరించి ఆమెకు సంపూర్ణ స్వంతమైనదనియు తీర్పు చెప్పెను. మొదటి అర్జీకిని తుది తీర్పునకును నడుమ 33 సంవత్సరములు! నేడు ఎందఱో స్త్రీలు తమ చేతిలోని భూమిని తమదని చెప్పుకొనుటకు ఈ తెలుగు వితంతువు పట్టుదల ఆధారమైనది.

మూడు శాసనములు

తులశమ్మకు తోడ్పడిన ఆ 1956 చట్టము సులభముగ వచ్చినది గాదు. హిందూ ధర్మశాస్త్రమును సంస్కరింపవలెనను బిల్లును గుఱించి పదియేండ్లకు పైగ పోరాటము జరిగినది. రాజమహేంద్రవరమున జన్మించి, 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మగారు రాజ్యాంగసభలో సభ్యురాలై ఆ బిల్లును సమర్థించిరి. న్యాయశాఖామాత్యులు అంబేద్కరుగారు దానికై శ్రమించి, అది ఆగిపోవుటచే 1951లో పదవికి రాజీనామా యిచ్చిరి. తరువాత ఆ బిల్లు నాలుగు చట్టములుగ విడివడి వచ్చినది. వానిలో వారసత్వ చట్టము 1956 జూన్ 17న అమలులోనికి వచ్చినది. దానివలన స్త్రీ ఆస్తి పూర్తిగ ఆమె స్వంతమైనది. విల్లు వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితములో కూతురు కొడుకుతో సమాన వారసురాలైనది.

కాని పూర్వార్జితములో? ఒక లెక్క చూడుడు. తల్లి లేదు, తండ్రి, ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు, పూర్వార్జితము 9 ఎకరములు. తండ్రి విల్లు వ్రాయక మరణించెను. 1956 చట్టము ప్రకారము సహభాగులు తండ్రియు కొడుకులును మాత్రమే. ఒక్కొక్కరికి 3 ఎకరములు. తండ్రి భాగమగు 3 ఎకరములను బిడ్డలు మువ్వురును పంచుకొందురు. తుదకు కొడుకులకు నాలుగేసి యెకరములు, కూతురికి ఒక్క యెకరము. ఇల్లు కూడ కొడుకులు పంచుకొనిన గాని కూతురు తన భాగము వేఱుచేయుమని యడుగరాదు.

ఈ వంకరను సరిచేయుటలో మన రాష్ట్రము దేశమునకు దారి చూపినది. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. దాని వలన కూతురును కొడుకు వలెనే పుట్టుకతో సహభాగి యైనది. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఈ బాటను పట్టినవి. కాని మన సవరణలో నొక మెలిక యుండెను: ఆ తేదీకి ముందు పెండ్లియైన కూతురికి ఈ హక్కు లేదు. ఒక్క తల్లి కడుపున పుట్టిన యిద్దఱిలో, పెండ్లియైన అక్కకు లేదు, పెండ్లికాని చెల్లెలికి కలదు!

ఈ మెలికయు 2005 సెప్టెంబరు 9న తొలగినది. ఆ నాటినుండి దేశమంతట కూతురు, పెండ్లియైనను కాకున్నను, కొడుకుతో సమాన సహభాగి. ఇంటిని గుఱించిన అడ్డంకియు పోయినది. పైలెక్కలోని 9 ఎకరములు ఇపుడు మూడేసి యెకరములుగ మువ్వురికిని సమానము. విభాగ వ్యాజ్యమున మొదటి డిక్రీ 1999లోనే వచ్చిన యొక ఆంధ్ర కుటుంబమున గూడ, తుది డిక్రీ కాలేదు గనుక, కూతుండ్రకు భాగమీయవలసినదే యని 2011లో సుప్రీముకోర్టు చెప్పినది. 2005 నాటికి తండ్రి జీవించి యుండవలెనా యను సందేహమును 2020 ఆగస్టు 11న అదే న్యాయస్థానము తీర్చినది. అక్కఱలేదు, హక్కు పుట్టుకతో వచ్చినదే. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రముచే గాని, కోర్టు డిక్రీచే గాని పంపకమైన యాస్తులను, అంతకు ముందే అమ్ముడైన వానిని ఈ చట్టము కదల్పదు.

సంతకము

ఇక చట్టమునుండి వాకిటిలోనికి వత్తము. తండ్రి పోయి సంవత్సరీకములైన తరువాత అన్నగారినుండి కబురు వచ్చును. “అమ్మాయీ, పొలము కాగితములు సరిచేయవలెను. ఒకసారి వచ్చి సంతకము పెట్టిపో.” రిజిస్ట్రారు కచేరీలో వ్రాతగాడు కాగితము చదువడు, ఆమె చదువుమని యడుగదు. ఆ కాగితము పేరు హక్కు విడుదల దస్తావేజు. సాయంకాలమునకు చీరె, రవికెలగుడ్డ, పసుపు కుంకుమలు పుచ్చుకొని ఆమె తన యూరికి పోవును. ఇట్టివి మన తెలుగునాట నెంత సామాన్యమో పాఠకురాండ్రకు మేము చెప్పనక్కఱలేదు.

ఆ వేళ ఆమె చెవిలో పడు మాటలను ఒక్కొక్కటిగ విచారింతము.

“నీకు కట్నమిచ్చితిమి గదా” యందురు. కట్నము ఎవరి చేతికి పోయినది? తఱచుగ వియ్యపువారి చేతికి. అది ఆమె పేర పొలమైనదా, బ్యాంకులో సొమ్మైనదా? చట్టము నిషేధించిన దానిని ఇచ్చి, చట్టము ఇమ్మనిన దానిని ఎగవేయుట న్యాయమగునా? తల్లిదండ్రులు నిజముగ కూతురి పేర ఆస్తి వ్రాసియుండినచో, దానిని లెక్కలోనికి తెచ్చి అన్నదమ్ములతో కూర్చుండి మాటాడుకొనుట మర్యాదయే. లెక్క కావలెను, ఎగవేత గాదు.

“తల్లిదండ్రులను చూచినవారము మేము” అందురు. ఇందులో సత్యము కలదు. మంచమున పడిన తండ్రికి సేవ చేసిన వదినె శ్రమను మఱచుట ధర్మము గాదు. కాని చట్టము దీనిని గూడ ఆలోచించినది. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము తల్లిదండ్రులను పోషించు బాధ్యతను కొడుకుల మీదను, కూతుండ్ర మీదను గూడ పెట్టినది. భాగము కోరు కూతురు ఆ బాధ్యతలోను, కుటుంబపు అప్పులోను పాలు పంచుకొనవలెను. పండుగకు వచ్చి పోవు చుట్టముగా నుండి, పంపకమునాడు మాత్రము సహభాగి నందుమా? అది కూడదు.

“భాగమడిగినచో పుట్టినిల్లు నీకు లేదు” అను మాట అన్నిటికంటె బరువైనది. సంతకము పెట్టువారిలో పలువురు ఈ భయమునకే పెట్టుచున్నారు. పొలముకంటె తోబుట్టువులు మేలని వారి యెంపిక. ఆ ప్రేమను మేము తక్కువగ జూడము. కాని యొక్క ప్రశ్న. తన పాలు తాను పుచ్చుకొనిన తమ్ముని అన్న వెలివేయుట లేదు గదా! ఇద్దఱన్నదమ్ములు పంచుకొనియు కలసి భోజనము చేయుచున్నారు. చెల్లెలు పంచుకొనినపుడే బంధుత్వము తెగునా? హక్కు వదలుకొనుటయే వెలగా దొరకు ప్రేమ యెంతటిదో పెద్దలే ఆలోచింపవలెను. ఆమె నిజముగ తన యిష్టముతో తన భాగమును తమ్ముని కిచ్చినచో అది దానము. దానమునకు ముందు తనకున్న దేదో తెలిసియుండవలెను. తెలియక యిచ్చినది దానము గాదు.

భాగము వలన కలుగు మేలు

తన పేర నాలుగు సెంట్ల నేల యున్న స్త్రీకిని లేని స్త్రీకిని భేద మేమి? పట్టాదారు పాసుపుస్తక మున్నచో బ్యాంకు అప్పు ఆమె సంతకము మీద దొరకును. భర్త వేధించినను, విడిచినను, ఆమె కొక చూరు ఉండును. కర్ణాటక, మహారాష్ట్రములలో 1994 సవరణల ఫలితములను పరిశీలించిన పండితులు, కూతుండ్రు భూమిని పొందుట పెరిగినదనియు, బాలికల వివాహవయస్సును చదువును కూడ పెరిగినవనియు, ఐనను కొడుకులతో సమానత ఇంకను రాలేదనియు తేల్చిరి. మన దేశమున 2015–16 వ్యవసాయ గణనలో సాగు కమతముల యజమానులలో స్త్రీలు నూటికి సుమారు 14 మందియే. నాట్లు, కలుపులు, కోతలు ఎవరి చేతులమీదుగ జరుగుచున్నవో ఎఱిగిన మనకు ఈ యంకెను గుఱించి వ్యాఖ్య యక్కఱలేదు.

ఎఱిగియుండవలసిన సంగతులు

మొదటిది: భూమిని, ఇంటిని గుఱించిన హక్కు విడుదల రిజిస్టరైన పత్రమున గాని చెల్లదు. నోటిమాటతో “నాకు వద్దు” అన్నంత మాత్రమున హక్కు పోదు. కావున ఏ కాగితమునైనను పూర్తిగ చదివిన పిమ్మటనే, ప్రతి నొకదానిని దగ్గఱ నుంచుకొనియే సంతకము చేయుడు. మోసముతో సంతకము పుచ్చుకొనినచో, ఆ మోసము తెలిసిన 3 సంవత్సరములలోగా వ్యాజ్యము వేయవలెను.

రెండవది: తండ్రి స్వార్జితమును ఆయన తన యిష్టము వచ్చినవారికి విల్లు వ్రాయవచ్చును. పూర్వార్జితములో మాత్రము తన భాగమునే వ్రాయగలడు. మీ భాగమును వ్రాయలేడు.

మూడవది: అడంగలు, పహాణీ, పాసుపుస్తకము, ఈ.సీ. అను కాగితములను తండ్రి జీవించియుండగనే చూచుట నేర్చుకొనుడు. ఏది పూర్వార్జితమో, ఏది స్వార్జితమో అప్పుడే అడిగి తెలిసికొనుట సులభము. తరువాత అడుగుట తగవగును.

నాలుగవది: మీ ఆస్తికి మీరును విల్లు వ్రాయుడు. విల్లు లేక స్త్రీ మరణించినచో మొదట బిడ్డలును భర్తయు వారసులు. బిడ్డలు గాని వారి సంతతి గాని లేనిచో, తల్లిదండ్రులనుండి వచ్చినది తండ్రి వారసులకును, భర్తనుండి గాని మామనుండి గాని వచ్చినది భర్త వారసులకును పోవును. బిడ్డలును భర్తయు లేని స్త్రీ తన చెమటతో సంపాదించినది సైతము, విల్లు లేనిచో, కన్న తల్లిదండ్రులకంటె ముందుగ భర్త వారసులకే పోవును.

ఐదవది: వ్యాజ్యమునకు డబ్బు లేదని అధైర్యపడవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేక ప్రతి స్త్రీకిని ఉచిత న్యాయసహాయము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగవలెను. తులశమ్మ 1944లో పేదరికమును నిరూపించుకొని కోర్టు గడప నెక్కవలసివచ్చెను. నేడు స్త్రీయై యుండుటయే చాలును. వ్యాజ్యమునకు ముందు పెద్దలయెదుట రాజీకి యత్నించుట మంచిది; కాని ఆ పెద్దలలో స్త్రీలును ఉండవలెను.

తుదిమాట. ఈ వ్యాసము చదువు సోదరీమణులు కూతుండ్రు మాత్రమే గాదు. తల్లులు, అత్తలు, వదినెలు, మఱదండ్రు కూడ. ఆడపడుచు భాగమడిగినపుడు మొదట ముఖము ముడుచుకొనునది తఱచుగ మనమే. పుట్టినింట మన భాగమును కోరి, మెట్టినింట ఆడపడుచు భాగమును కాదనుట యెట్లు? కొడుకు పుట్టినపుడు “వంశోద్ధారకుడు పుట్టినా”డని సంతోషించు తల్లి, కూతురు పుట్టిననాడు “దీనికిని ఈ నేలలో పాలున్నది” అని ఎఱిగి పెంచినచో, ఇరువదియేండ్ల తరువాత కచేరీ గడపలో ఆ బిడ్డ చేయి వణకదు. కొడుకును కూడ, చెల్లెలికి పాలున్నదని తెలిసియే పెరుగనిండు. అపుడు పంపకము తగవు గాదు. పండుగనాటి వడ్డన వలె, విస్తరి వేసిన ప్రతివారికిని వడ్డించుటయే యగును.